ఎమ్మెల్యేకు యజమాని ఎవరు?

2024 ఫిబ్రవరి 26న ఆంధ్రప్రదేశ్ శాసనసభ స్పీకర్ తమ్మినేని సీతారాం ఒకేసారి ఎనిమిది మంది ఎమ్మెల్యేలపై అనర్హత వేటు వేశారు. నలుగురు వైఎస్సార్‌సీపీ టికెట్ మీద గెలిచి టీడీపీ వైపు జరిగినవారు, నలుగురు టీడీపీ టికెట్ మీద గెలిచి వైఎస్సార్‌సీపీ పక్కన చేరినవారు. పైకి చూస్తే తూకం సరిపోయింది. తేదీలు పట్టి చూస్తే మాత్రం లెక్క వేరుగా ఉంటుంది. టీడీపీ సభ్యులు అధికార పక్షం పంచన చేరడం 2019 చివర్లోనే మొదలైంది. వేటు పడేసరికి ఆ సభ చివరి సమావేశాలు కూడా ముగిసిపోయాయి. మరో మూడు వారాలకు ఎన్నికల షెడ్యూలు వచ్చేసింది. ఆ శిక్ష వల్ల వారు కోల్పోయింది దాదాపు ఏమీ లేదు.

దీని పక్కన మరో సంఘటన పెట్టి చూడండి. 2018 మార్చి 12న తెలంగాణ ఉభయ సభలను ఉద్దేశించి గవర్నర్ ప్రసంగిస్తున్నప్పుడు కాంగ్రెస్ సభ్యులు ఆందోళనకు దిగారు. ఆ గొడవలో విసిరిన హెడ్‌ఫోన్ శాసనమండలి చైర్మన్ స్వామిగౌడ్‌కు తగిలిందన్నారు. మర్నాడే కాంగ్రెస్ ఎమ్మెల్యేలు కోమటిరెడ్డి వెంకటరెడ్డి, సంపత్‌కుమార్ల సభ్యత్వాలు రద్దయ్యాయి. నెల తిరిగేసరికి హైకోర్టు ఆ రద్దును కొట్టివేసింది.

ఒకచోట ఒక్క రోజు, మరోచోట నాలుగేళ్లు. స్పీకర్ల స్వభావాల్లో తేడా అని దీన్ని తీసిపారేయలేం. ఎమ్మెల్యే అనే ఉద్యోగాన్ని మనం ఎలా తయారు చేసుకున్నామో ఈ రెండు తేదీలు చెబుతాయి. రాజ్యాంగం ఆయనకు చట్టాలు చేయమని, ప్రభుత్వ ఖర్చుకు లెక్క అడగమని పని అప్పగించింది. సభలో ఆయన ఓటును ఫిరాయింపుల చట్టం పార్టీ చేతిలో పెట్టింది. ఊళ్లో జనం ఈ రెండింటినీ అడగరు, పనులు అడుగుతారు. ఆ పనులు చేయించే శక్తి ప్రభుత్వం దగ్గర ఉంది. ఎమ్మెల్యేల వింత ప్రవర్తన చాలావరకు ఈ నాలుగు వాక్యాల నుంచే పుడుతుంది.

బీ-ఫారం దగ్గర మొదలు

ఎమ్మెల్యే కావడానికి చట్టం పెట్టిన షరతులు చాలా తక్కువ. భారత పౌరసత్వం, 25 ఏళ్ల వయసు, రాష్ట్రంలో ఏదో ఒక నియోజకవర్గంలో ఓటు ఉంటే చాలు. చదువుతో పని లేదు. పోటీ చేసే నియోజకవర్గంలోనే ఓటు ఉండాలన్న నియమమూ లేదు. డిపాజిట్ 10,000 రూపాయలు, ఎస్సీ ఎస్టీ అభ్యర్థులకు 5,000. చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే అది పోతుంది.

అసలు గడప పార్టీ ఆఫీసులో ఉంటుంది. ఏ-ఫారం అంటే పార్టీ తరఫున అభ్యర్థులను ప్రకటించే అధికారం ఎవరిదో ఎన్నికల సంఘానికి తెలిపే పత్రం. బీ-ఫారం అంటే ఫలానా నియోజకవర్గానికి ఫలానా మనిషి మా అభ్యర్థి అని ఆ అధికారం ఉన్న వ్యక్తి సంతకం చేసిచ్చేది. నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోపు అది రిటర్నింగ్ అధికారికి చేరాలి. ఆ లోపల పేరు మార్చుకోవచ్చు కూడా. ఇరవై ఏళ్లు జెండా మోసిన మండల స్థాయి నాయకుడు చివరి గంట దాకా ఫోను పట్టుకుని కూర్చోవడానికీ, నిన్న కండువా కప్పుకున్న వ్యాపారి ఈ రోజు ర్యాలీతో నామినేషన్ వేయడానికీ మూలం ఆ కాగితమే. దాన్ని ఎవరికి ఇవ్వాలి, కార్యకర్తలను అడగాలా వద్దా అన్నదాని మీద మన దేశంలో చట్టం లేదు. నిర్ణయం అధినేతది.

ఆ నిర్ణయానికి ఖాయమైన సూత్రమేమైనా ఉందా అంటే ఈ మధ్య రెండు ఎన్నికలు చూడాలి. 2023 ఆగస్టు 21న బీఆర్‌ఎస్ 119 స్థానాల్లో 115 మందిని ఒకేసారి ప్రకటించింది. సిట్టింగుల్లో మార్చింది ఏడుగురినే. ఎమ్మెల్యేల మీద ఉన్న కోపం పార్టీ మీదికి మళ్లిందని ఓటమి తర్వాత అందరూ అన్నారు. ఆ పాఠం నేర్చుకున్నట్టుగా 2024లో వైఎస్సార్‌సీపీ పెద్ద సంఖ్యలో సిట్టింగులను మార్చింది, కొందరిని ఒక నియోజకవర్గం నుంచి మరో నియోజకవర్గానికి బదిలీ చేసింది. ఆ పార్టీ 151 నుంచి 11కు పడిపోయింది. మొత్తానికి, టికెట్ ఇచ్చిన చేతికి తప్ప ఇంకెవరికీ తాను బాకీ లేనని ఎమ్మెల్యే అనుకోవడానికి కావలసిన ఏర్పాటంతా ఇక్కడే జరిగిపోతుంది.

డబ్బు సంగతి. పెద్ద రాష్ట్రాల్లో శాసనసభ అభ్యర్థి ఖర్చు పరిమితి 2022 నుంచి 40 లక్షల రూపాయలు. ఫలితాలు వచ్చిన 30 రోజుల్లో లెక్క చూపాలి. దాదాపు అందరూ చూపిస్తారు, దాదాపు అందరి లెక్కా పరిమితిలోనే ఉంటుంది. పార్టీ పెట్టే ఖర్చుకు మాత్రం పరిమితే లేదు. ఏ నియోజకవర్గంలోనైనా బూత్ స్థాయి కార్యకర్త దగ్గర ఈ 40 లక్షల మాటెత్తితే ముందు నవ్వు వస్తుంది, తర్వాత సమాధానం వస్తుంది. మిగిలిన ఐదేళ్లలో ఆ సమాధానానికి పాత్ర చాలా ఉంది. పెట్టినది రాబట్టుకోవాలి, మళ్లీ పెట్టడానికి సమకూర్చుకోవాలి. కాంట్రాక్టులు, భూములు, ఇసుక చుట్టూ ఎమ్మెల్యేల పేర్లు తిరగడానికి వ్యక్తిగత దురాశ ఒక్కటే కారణమని నేను అనుకోను. ఆ పదవి ప్రవేశ రుసుమే అలా ఉంది.

నామినేషన్‌తో పాటు ఫారం 26లో ఆస్తులు, అప్పులు, కేసులు ప్రమాణపూర్వకంగా చెప్పాలి. సుప్రీంకోర్టు 2002, 2003 తీర్పులతో వచ్చిన మంచి ఏర్పాటు ఇది. కానీ అబద్ధం రాస్తే ఏమవుతుంది? 2018లో కొత్తగూడెం నుంచి గెలిచిన వనమా వెంకటేశ్వరరావు అఫిడవిట్‌లో వివరాలు దాచారంటూ ఆయన ఎన్నికను తెలంగాణ హైకోర్టు రద్దు చేసింది. అది 2023 జూలైలో. సభ గడువు అప్పటికి కొన్ని నెలలే మిగిలి ఉంది, ఆగస్టులో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. వేములవాడ కథ ఇంకా పొడవు. చెన్నమనేని రమేశ్ జర్మనీ పౌరుడని, కాబట్టి పోటీకే అనర్హుడని 2009 ఎన్నిక తర్వాత వివాదం మొదలైంది. ఆయన 2010 ఉప ఎన్నికలో, 2014లో, 2018లో మళ్లీ మళ్లీ గెలిచారు. 2024 డిసెంబరులో హైకోర్టు ఆయన జర్మనీ పౌరుడేనని తేల్చి 30 లక్షల రూపాయలు చెల్లించమంది. ఆ తీర్పు వచ్చేనాటికి ఆయన మాజీ. ఆయన మీద పోరాడిన ఆది శ్రీనివాస్ 2023లో అక్కడి నుంచే గెలిచి, అప్పటికే ఎమ్మెల్యే.

సభలో ఆయన ఓటు ఎవరిది?

గెలిచాక ప్రమాణం చేయాలి. చేయకుండా సభలో కూర్చున్నా, ఓటేసినా రోజుకు 500 రూపాయల జరిమానా అని రాజ్యాంగంలోని 193వ అధికరణం చెబుతోంది. అనుమతి లేకుండా 60 రోజులు సభకు రాకపోతే సీటు ఖాళీ అయినట్టు సభ ప్రకటించవచ్చని 190వ అధికరణం అంటుంది. 2025 ఆరంభంలో వైఎస్సార్‌సీపీ సభ్యుల గైర్హాజరీ మీద ఆంధ్రప్రదేశ్‌లో ఈ రెండో నియమమే చర్చకు వచ్చింది. వినడానికి కఠినంగానే ఉంటుంది కానీ, లెక్కించే పద్ధతిలో కిటుకు ఉంది. సభ ప్రొరోగ్ అయిన (సమావేశాలు ముగిసినట్టు గవర్నర్ ప్రకటించిన) కాలాన్ని, వరుసగా నాలుగు రోజులకు మించి వాయిదా పడిన కాలాన్ని లెక్కలోంచి తీసేయాలి. ఏడాదికి సభ ముప్పై రోజులు జరిగితేనే గొప్ప అనుకునే చోట అరవై నిండాలంటే రెండేళ్లు పడుతుంది.

ముప్పై రోజులే ఎందుకు? రెండు సమావేశాల మధ్య ఆరు నెలలకు మించి ఎడం ఉండకూడదని మాత్రమే రాజ్యాంగం చెప్పింది. ఎన్ని రోజులు నడపాలో చెప్పలేదు. సభను పిలిచేది మంత్రివర్గం సలహా మీద. లెక్క చెప్పవలసిన వాళ్లే లెక్క అడిగే రోజులు నిర్ణయిస్తున్నారన్నమాట. 2020 జూన్‌లో, కరోనా కాలంలో, ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఏడాది బడ్జెట్‌ను రెండు రోజుల్లో ఆమోదించింది. ఆ ఏడాదికి కరోనా అనే సాకైనా ఉంది. మామూలు ఏడాదిలో కూడా శాఖల పద్దుల్లో చాలావాటిని చివరి రోజు గిలెటిన్ చేస్తారు. అంటే చర్చ లేకుండా మూటగట్టి ఓటింగ్‌కు పెట్టేస్తారు.

సభ్యుడికి సొంతంగా ఉన్న ఆయుధాల్లో విలువైనది ప్రశ్న. నక్షత్ర గుర్తు ప్రశ్నకు మంత్రి లేచి నోటితో జవాబివ్వాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేని ప్రశ్నకు రాతపూర్వక జవాబు వస్తుంది. పత్రికలు పట్టించుకోవు కానీ, ప్రభుత్వం సంతకంతో అంకెలు బయటికి వచ్చేది ఈ రెండో దారిలోనే. ఇల్లెందు నుంచి ఐదుసార్లు గెలిచి, బస్సుల్లో, సైకిల్ మీద తిరుగుతూ పదవి దిగిన గుమ్మడి నర్సయ్య, సత్తెనపల్లి నుంచి నాలుగుసార్లు, అదీ ఎక్కువగా స్వతంత్రుడిగా గెలిచిన వావిలాల గోపాలకృష్ణయ్య వంటివారి పేర్లు ఇంకా వినబడుతున్నాయంటే వాళ్లు సభను ఒక పనిచేసే చోటుగా చూశారు కాబట్టే. అలాంటి స్వతంత్రులకు ఇప్పుడు చోటే లేదు. 2018లో తెలంగాణలో ఒకే ఒక్క స్వతంత్రుడు వైరా నుంచి గెలిచారు. స్వతంత్రుడు ఏ పార్టీలో చేరినా అనర్హుడే అని ఫిరాయింపుల చట్టమైన రాజ్యాంగం పదో షెడ్యూలు స్పష్టంగా చెబుతున్నా, ఆయన ఫలితాలు వచ్చిన కొద్ది రోజులకే టీఆర్‌ఎస్ (ఇప్పటి బీఆర్‌ఎస్)లో చేరారు, పూర్తి కాలం పదవిలో ఉన్నారు.

ప్రశ్న అడగడం వేరు, ఓటు వేయడం వేరు. దానికి మూడు రాజధానుల బిల్లు కంటే మంచి ఉదాహరణ నాకు కనబడదు. 2020 జనవరి 20న ఆ బిల్లు ఆంధ్రప్రదేశ్ శాసనసభ ముందుకొచ్చింది, అదే రోజు రాత్రికి ఆమోదం పొందింది. రాజధాని గ్రామాలున్న తాడికొండ, మంగళగిరి రెండు స్థానాలూ అప్పట్లో అధికార పక్షం చేతిలోనే ఉన్నాయి. తమ నియోజకవర్గం నుంచి సచివాలయాన్ని తరలించే బిల్లు వచ్చినప్పుడు అక్కడి ఎమ్మెల్యే ముందున్న దారులేమిటి? పార్టీ విప్ (ఇలాగే ఓటేయాలన్న ఆదేశం) జారీ చేసినప్పుడు వ్యతిరేకంగా ఓటేస్తే పదవి పోతుంది. ఓటింగ్‌కు రాకపోయినా అంతే, పార్టీ 15 రోజుల్లోగా క్షమిస్తే తప్ప. అనుకూలంగా ఓటేస్తే ఊళ్లో అడుగు పెట్టలేరు. అడకత్తెరలో పోకచెక్క. అదే సభ 2021 నవంబరు 22న ఆ చట్టాన్ని ఉపసంహరించుకునే బిల్లును కూడా ఆమోదించింది. అదే అధికార పక్షం, దాదాపు అవే చేతులు. మధ్యలో ఎవరి అభిప్రాయమైనా మారిందా అని అడగవలసిన అవసరం ఎవరికీ కనబడలేదు.

అదే బిల్లు రోజున ఇంకో విచిత్రం జరిగింది. జనసేన దాన్ని వ్యతిరేకిస్తోంది. సభలో జనసేనకున్న ఏకైక సభ్యుడు రాపాక వరప్రసాద్ లేచి సమర్థిస్తూ మాట్లాడారు. ఆయన పదవికి ఏమీ కాలేదు. పాలక పక్ష సభ్యుడు గొంతు విప్పితే ప్రమాదం, ప్రతిపక్ష సభ్యుడు పాలక పక్షానికి జై కొడితే క్షేమం. ఫిరాయింపుల చట్టం కాగితం మీద రెండు వైపులా సమానంగానే ఉంటుంది, అమలులోకి వచ్చేసరికి ఇలా ఒక వైపే కోస్తుంది.

ఎమ్మెల్యే ఓటు నిజంగా ఎమ్మెల్యేదే అయ్యే సందర్భాలు కొన్ని మిగిలాయి. రాష్ట్రపతి ఎన్నిక ఒకటి. ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 159, తెలంగాణ ఎమ్మెల్యేది 132. అక్కడ విప్ ఉండదు. శాసనమండలికి ఎమ్మెల్యేలు వేసే ఓటు రహస్యం. 2023 మార్చి 23న ఆంధ్రప్రదేశ్‌లో అలాంటి ఎన్నికలోనే టీడీపీ అభ్యర్థి పంచుమర్తి అనురాధ, ఆ పార్టీ దగ్గర అన్ని ఓట్లు లేకపోయినా, 23 ఓట్లతో గెలిచారు. మర్నాడు వైఎస్సార్‌సీపీ నలుగురు ఎమ్మెల్యేలను సస్పెండ్ చేసింది. మొదట్లో చెప్పిన ఎనిమిది మందిలో ఆ వైపు నలుగురు వీరే. వీరిలో ఆనం రామనారాయణరెడ్డి, కోటంరెడ్డి శ్రీధర్‌రెడ్డి 2024లో టీడీపీ తరఫున గెలిచారు, ఆనం మంత్రి కూడా అయ్యారు. ఆ ఎనిమిది మందిలో మిగిలిన ఆరుగురూ తిరిగి సభలోకి రాలేదు.

ఊళ్లో ఆయన పని

ఒక నియోజకవర్గంలో ఓటర్లు ఆంధ్రప్రదేశ్‌లో సగటున రెండు లక్షల ముప్పై వేలకు పైన, తెలంగాణలో రెండు లక్షల డెబ్బై వేలకు పైన. వారిలో ఎవరికీ తమ ఎమ్మెల్యే గిలెటిన్ రోజున ఏం చేశారో అక్కర్లేదు. క్యాంపు కార్యాలయం ముందు పొద్దున్నే చేరేవారి చేతుల్లో కాగితాలు చూస్తే వాళ్లకు ఏం కావాలో తెలుస్తుంది. నిమ్స్‌లో ఆపరేషన్‌కు ఎల్‌ఓసీ (ఖర్చు ప్రభుత్వం భరిస్తుందన్న హామీ పత్రం), ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు, కూతురికి గురుకులంలో సీటు, కొడుకు బదిలీ, పొలం గట్టు తగాదాలో ఎస్సైకి ఒక ఫోను. వీటితో పాటు పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, దశదిన కర్మలు. పెళ్లికి రాకపోయినా క్షమిస్తారు కానీ చావుకు రాకపోతే క్షమించరని పీఏలందరికీ తెలుసు.

చట్టంలో ఎక్కడా లేని ఈ పనిని ప్రభుత్వాలు తమ ఉత్తర్వులతో పదవిలో భాగం చేశాయి. తెలంగాణలో ఆడపిల్ల పెళ్లికి సాయం చేసే కల్యాణలక్ష్మి దరఖాస్తు తహసీల్దారు పరిశీలించాక ఎమ్మెల్యే ఆమోదానికి వెళ్లి, ఆ తర్వాత ఆర్డీవో దగ్గరికి వెళ్తుంది. 1,00,116 రూపాయల చెక్కు ఎమ్మెల్యే చేతుల మీదుగా, ఫొటోతో సహా అందుతుంది. అర్హత ఉంటే వచ్చే హక్కు అది. మధ్యలో ఎమ్మెల్యే చేయి పెట్టేసరికి దయగా మారింది. దళిత కుటుంబాలకు సాయమిచ్చే దళితబంధుకు ఎమ్మెల్యే సిఫారసు అక్కర్లేదని 2022లో తెలంగాణ హైకోర్టు చెప్పవలసి వచ్చిందంటే అంతకు ముందు ఏం జరుగుతుండేదో ఊహించుకోవచ్చు. తిరుమల దర్శనం లేఖల సంగతి సరేసరి. తమ ఎమ్మెల్యేల సిఫారసు లేఖలను టీటీడీ తీసుకోవడం లేదన్నది తెలంగాణలో రాజకీయ అంశమైంది. 2025 మార్చిలో వాటిని మళ్లీ అనుమతించారు, ఒక్కో లేఖ మీద ఆరుగురికి మించకుండా.

దీన్ని అవినీతి అని ఒక్క మాటతో కొట్టేయడం తేలిక. మండలాఫీసులో పని మామూలుగా జరిగితే క్యాంపు కార్యాలయం ముందు ఆ గుంపు ఉండదు. కార్యాలయాలు పనిచేయని మేరకు ఎమ్మెల్యే అవసరం పెరుగుతుంది, ఎమ్మెల్యే మాట చెల్లే మేరకు కార్యాలయాలు పనిచేయడం తగ్గుతుంది. తహసీల్దారు, సీఐ పోస్టింగులకు ఎమ్మెల్యే లేఖ కావాలన్న ఆనవాయితీ ఈ చక్రానికి ఇరుసు. లేఖ ఇచ్చిన వాడి ఫోను ఎత్తకుండా ఏ సీఐ ఉంటాడు?

మరి ప్రతిపక్ష ఎమ్మెల్యే? ఆయన లేఖకు విలువ ఉండదు. చాలా నియోజకవర్గాల్లో ఓడిపోయిన అధికార పార్టీ అభ్యర్థే ఇన్‌చార్జి హోదాలో చెక్కులు పంచుతాడు, శంకుస్థాపనల్లో శిలాఫలకం పక్కన నిలబడతాడు. 2021-22 బడ్జెట్లో తెలంగాణ ప్రతి ఎమ్మెల్యేకు, ఎమ్మెల్సీకి 5 కోట్ల రూపాయల నియోజకవర్గ అభివృద్ధి నిధి ప్రకటించింది. అది ఎవరి చేతిలో ఉంటుందన్నదే అసలు ప్రశ్న. 2024 ఆరంభంలో నియోజకవర్గానికి 10 కోట్ల చొప్పున ప్రత్యేక అభివృద్ధి నిధులిచ్చినప్పుడు పనులు మంజూరు చేసే అధికారం జిల్లా ఇన్‌చార్జి మంత్రులకు ఇచ్చారు. ప్రతిపక్ష సభ్యుడికి జీతం మాత్రం తగ్గదు. తెలంగాణలో 2016 నుంచి మూల వేతనం 20,000, నియోజకవర్గ భత్యం 2,30,000, కలిపి నెలకు రెండున్నర లక్షలు. తగ్గేది పలుకుబడి. ఈ వృత్తిలో పెట్టుబడి అదే కాబట్టి అది తగ్గితే ఐదేళ్లు గడవడం కష్టం.

"నియోజకవర్గ అభివృద్ధి కోసమే"

అధికార పార్టీ కండువా కప్పుకున్న ప్రతి ఎమ్మెల్యే ఈ మాటే చెబుతాడు. విన్న ప్రతివాడూ నవ్వుతాడు. నేను మాత్రం ఇందులో సగం నిజం ఉందంటాను. సభలో ఓటును చట్టం లాగేసుకుంది, ఊళ్లో పనిని ప్రభుత్వం తన దగ్గర పెట్టుకుంది. ప్రతిపక్షంలో కూర్చున్న ఎమ్మెల్యేకు చేయడానికి ఏం మిగిలింది? ఫిరాయింపులను ఆపడానికి తెచ్చిన చట్టం ప్రతిపక్ష సభ్యత్వాన్ని అంత ఖాళీగా మార్చింది కాబట్టే ఫిరాయించాలన్న కోరిక తగ్గలేదు. ఇది ఆ చట్టంలోని తిరకాసు.

దాని పుట్టుక తెలుగువాళ్లకు దూరపు సంగతేమీ కాదు. 1967లో హర్యానాలో గయాలాల్ కొద్ది రోజుల్లో మూడుసార్లు పార్టీ మారి "ఆయారాం గయారాం" అన్న మాటకు కారణమయ్యారు. 1984 ఆగస్టులో ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని గవర్నర్ బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావును గద్దెనెక్కించినప్పుడు ఎమ్మెల్యేలను కర్ణాటకకు తరలించి కాపాడుకోవడం, ఢిల్లీలో రాష్ట్రపతి ముందు నిలబెట్టడం దేశమంతా చూసింది. సరిగ్గా నెలకు, సెప్టెంబరు 16న ఎన్టీఆర్ తిరిగి వచ్చారు. మరుసటి ఏడాది 52వ రాజ్యాంగ సవరణతో పదో షెడ్యూలు వచ్చింది. అప్పట్లో మూడో వంతు మంది చీలితే తప్పు కాదన్నారు. 2003లో 91వ సవరణ ఆ సందు మూసేసింది. అదే సవరణ మంత్రుల సంఖ్యను సభలో 15 శాతానికి పరిమితం చేసింది. దాంతో ముఖ్యమంత్రితో కలిపి ఆంధ్రప్రదేశ్‌లో 26, తెలంగాణలో 18 కుర్చీలే మిగిలాయి. ఆ సంఖ్య చాలక తెలంగాణ 2014 చివర్లో ఆరుగురిని పార్లమెంటరీ కార్యదర్శులుగా నియమిస్తే హైకోర్టు అడ్డుకుంది.

ఒక సందు మాత్రం తెరిచే ఉంచారు. శాసనసభా పక్షంలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే దాన్ని విలీనంగా చూస్తారు. 2018 డిసెంబరులో తెలంగాణలో కాంగ్రెస్ 19 స్థానాలు గెలిచింది. 19లో మూడింట రెండు వంతులంటే 13 కావాలి. 2019లో ఉత్తమ్‌కుమార్‌రెడ్డి నల్లగొండ ఎంపీగా గెలిచి ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేశారు. మిగిలింది 18. ఇప్పుడు 12 చాలు. జూన్ 6న సరిగ్గా 12 మంది టీఆర్‌ఎస్‌లో విలీనం కోరుతూ స్పీకర్ పోచారం శ్రీనివాసరెడ్డిని కలిశారు, అదే రోజు పని పూర్తయింది. ఆరుగురితో మిగిలిన కాంగ్రెస్ కంటే ఏడుగురున్న మజ్లిస్ పెద్ద పార్టీ అయింది, ప్రజాపద్దుల సంఘం అధ్యక్ష పదవి కూడా అక్బరుద్దీన్ ఒవైసీకి వెళ్లింది. ప్రభుత్వ ఖర్చును ఆడిట్ నివేదికలతో పోల్చి చూసే ఆ సంఘాన్ని ప్రతిపక్షానికి ఇవ్వడం సంప్రదాయం. 2024లో ఆ పదవిని బీఆర్‌ఎస్ టికెట్‌పై గెలిచి కాంగ్రెస్ వైపు వెళ్లారన్న ఆరోపణ ఉన్న అరెకపూడి గాంధీకి ఇచ్చారు. రికార్డుల ప్రకారం ఆయన ప్రతిపక్ష సభ్యుడే కదా!

ఒక్కడు వెళ్తే ఫిరాయింపు, పన్నెండు మంది వెళ్తే విలీనం. మధ్యలో, రెండు వంతులు నిండనప్పుడు, దారి స్పీకర్ బల్ల మీద ఉంటుంది. ఫిర్యాదు తేల్చే అధికారం ఆయనదే, గడువు లేదు. 2014-19 మధ్య ఆంధ్రప్రదేశ్‌లో 23 మంది వైఎస్సార్‌సీపీ ఎమ్మెల్యేలు టీడీపీలో చేరారు. వారిలో నలుగురు 2017 ఏప్రిల్‌లో మంత్రులయ్యారు. ఒక్కరి మీదా వేటు పడలేదు, వైఎస్సార్‌సీపీ సభను బహిష్కరించి బయటే ఉండిపోయింది. తెలంగాణలో అంతకు ముందే, 2014 డిసెంబరులో, టీడీపీ టికెట్‌పై గెలిచిన తలసాని శ్రీనివాస్‌యాదవ్ టీఆర్‌ఎస్ ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. 2024లో ఖైరతాబాద్ బీఆర్‌ఎస్ ఎమ్మెల్యే దానం నాగేందర్ సికింద్రాబాద్ లోక్‌సభ స్థానానికి కాంగ్రెస్ అభ్యర్థిగా పోటీ చేశారు. అప్పటికీ శాసనసభ పుస్తకాల్లో ఆయన బీఆర్‌ఎస్ సభ్యుడే.

రాజీనామా కూడా స్పీకర్ చేతిలోదే. బెదిరించి రాయించుకుంటున్నారన్న భయంతో 1974లో 33వ సవరణ తెచ్చి, రాజీనామా స్వచ్ఛందమని స్పీకర్‌కు నమ్మకం కుదిరితేనే ఆమోదించాలన్నారు. ఉద్దేశం మంచిదే. విశాఖ ఉక్కు ప్రైవేటీకరణకు వ్యతిరేకంగా గంటా శ్రీనివాసరావు 2021 ఫిబ్రవరిలో ఇచ్చిన రాజీనామా మీద ఆ నమ్మకం కుదరడానికి దాదాపు మూడేళ్లు పట్టింది. 2024 జనవరిలో, రాజ్యసభ ఎన్నికలు దగ్గర పడ్డాక, ఆమోదించారు. రాజీనామాను ఆయుధంగా వాడిన కాలం కూడా ఒకటుంది. తెలంగాణ కోసం పదవులు వదిలిన సభ్యుల స్థానాల్లో 2010 జూలైలో 12 ఉప ఎన్నికలు జరిగితే టీఆర్‌ఎస్ 11, బీజేపీ ఒకటి గెలిచాయి. పార్టీ మారాలనుకున్నవాడు ఈ దారినే పోవాలని అందరం అంటాం. 2022లో మునుగోడులో కాంగ్రెస్‌కు రాజీనామా చేసి బీజేపీ తరఫున బరిలో దిగిన కోమటిరెడ్డి రాజగోపాల్‌రెడ్డి ఓడిపోవడం చూశాక ఎంతమంది ఆ సాహసం చేస్తారు?

కోర్టులు ఓపికగా చెబుతూ వచ్చాయి. 1992 కిహోతో హొల్లోహన్ తీర్పు స్పీకర్ నిర్ణయాన్ని కోర్టు పరిశీలించవచ్చంది. 2020లో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి ఫిర్యాదులను మూడు నెలల్లో తేల్చడం సబబంది. 2025 జూలై 31న పాడి కౌశిక్‌రెడ్డి కేసులో, కాంగ్రెస్ వైపు వెళ్లారన్న పది మంది బీఆర్‌ఎస్ ఎమ్మెల్యేల మీద ఫిర్యాదులను మూడు నెలల్లో తేల్చాలని తెలంగాణ స్పీకర్‌ను ఆదేశించింది, ఈ అధికారం స్పీకర్‌కే ఉండాలా అన్నది పార్లమెంటు ఆలోచించాలని కూడా అంది.

ఆలోచన కొత్తదేమీ కాదు. 1990లోనే దినేశ్ గోస్వామి కమిటీ రెండు మాటలు చెప్పింది. ఒకటి, విప్ ధిక్కరిస్తే పదవి పోయే శిక్షను విశ్వాస, అవిశ్వాస తీర్మానాలకే పరిమితం చేయాలి. రెండు, అనర్హతను ఎన్నికల సంఘం సలహా మీద రాష్ట్రపతి గానీ గవర్నర్ గానీ తేల్చాలి. మొదటిది జరిగితే తాడికొండ ఎమ్మెల్యే రాజధాని బిల్లుకు వ్యతిరేకంగా ఓటేసి కూడా పార్టీలో, పదవిలో ఉండగలరు. సభ అప్పుడు కొంచెం సభలా ఉంటుంది. రెండోది జరిగితే నాలుగేళ్ల నిద్ర, ఒక్క రోజు చురుకుదనం రెండూ తగ్గుతాయి. ఈ సిఫారసులు కాగితం మీదే మిగలడానికి సమాధానం ఫిర్యాదుదారుల పేర్లలో ఉంది. 2019 ఎన్నికల తర్వాత నలుగురు పోయారని ఫిర్యాదు చేసిన టీడీపీ అంతకు ముందు 23 మందిని చేర్చుకుంది. 2024లో పది మంది పోయారని కోర్టుకెక్కిన బీఆర్‌ఎస్ 2019లో 12 మందిని కలుపుకుంది. ఆ 12 మంది పోయారని అప్పుడు కోర్టు మెట్లెక్కిన కాంగ్రెస్ ఇప్పుడు తెలంగాణలో అధికారంలో ఉంది.